కరక్కాయ వగరు

గుడివాడ నుంచి బందరు రైలెక్కితే మధ్యలో పెడనలో దిగిపోవడం నాకు అలవాటు. అక్కడి కలంకారీ షెడ్డులో ఓ కుండ ముందు ఎంతసేపైనా నిలబడతాను. అందులో ఉండేది పాత ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు. వారాల తరబడి పులియబెడతారు. కసిం అంటారు దాన్ని. మూత తీస్తే పుల్లటి వాసన, చూస్తే తుప్పునీళ్లు. కరక్కాయ, పాలు పట్టించి ఎండబెట్టిన గుడ్డ మీద ఆ కసింతో అచ్చు వేస్తే, గీత కళ్లెదుటే నల్లబడుతుంది. ఇనుమూ కరక్కాయ వగరూ కలిస్తేనే ఆ నలుపు. పాలు లేకపోతే అది పక్కకు పాకుతుంది.

చిన్నప్పుడు దగ్గొస్తే అమ్మమ్మ నా బుగ్గన పెట్టింది ఈ కరక్కాయ ముక్కే. ఆ వగరు ఇంకా నాలుక మీదే ఉంది.

కరక్కాయ నాకు అలా తెలుసు. పాలను చూడటం నేర్పింది మాత్రం వోల్ఫ్‌గాంగ్ లైబ్ అనే జర్మనీ కళాకారుడు, వైద్యం చదివి కళలోకి వచ్చినాయన. 1975లో తెల్ల పాలరాతి పలకను పైన కాస్త పల్లంగా అరగదీసి, అందులో పాలు పోశాడు. రాయేదో, పాలేవో తెలియదు. ప్రదర్శన ఉన్నన్నాళ్లూ రోజూ పాతవి తీసేసి, కడిగి, కొత్త పాలు పోయాలి. తాగడానికీ కాదు, అభిషేకానికీ కాదు. మరెందుకని అడుగుతూ అడుగుతూ, ఫొటోలోనే అయినా, పాలను మొదటిసారి తేరిపార చూశాను. పెడనలో గుడ్డకు పట్టే పాలను అన్నేళ్లూ అలా చూడలేదు.

హైదరాబాద్‌లో 1977లో పుట్టి, బరోడాలో చదువుకుని అక్కడే ఉంటున్న లావణ్య మణి ఈ కలంకారీ పద్ధతినీ, ప్రకృతి రంగులనూ తన కళలోకి తెచ్చుకున్నారు. సముద్ర ప్రయాణాలు, వలస పాలన ఆమె బొమ్మల్లో కథలు. ఇంగ్లిషువాళ్లు 1611లో బందరులో కొట్టు పెట్టింది ముఖ్యంగా మన బట్టల కోసమే. ఆ కథను ఆ రంగులతోనే ఆమె నిలదీయడం నాకెంతో నచ్చింది.

అయితే ఒకటి బాధపెడుతుంది. గ్యాలరీ గోడ మీద ఈ తుప్పు నలుపు కనపడితే దాని అర్థమేమిటని గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. పెడనలో మీటరుకు పది రూపాయలు తగ్గించమని బేరమాడతాం. అచ్చు వేసే మనిషికి ఈ కాయ గురించీ, ఇనుము గురించీ తెలిసింది ఏ కళాకారుడికి తెలిసినదానికీ తీసిపోదు.

మొన్న ఓ పెద్దాయన గుడ్డ పరిచి చూపించారు. నల్ల గీతల మధ్య పూరేకులన్నీ ఖాళీగా ఉన్నాయి.

"ఎరుపు ఇంకా వెయ్యలేదాండీ?"

"వేసేశామండీ. పటిక పెట్టాం. రంగులో ఉడకబెడితే కనపడుద్ది."