పరంజా విప్పకముందే

ఇల్లు శ్లాబు దాకా వచ్చిందంటే చుట్టపక్కాలందరి నోటా ఒకటే మాట: "ఎలివేషన్ ఏం చేయిస్తున్నారు?" పునాది ఎంత లోతు తీశారనిగానీ, పిల్లర్లలో ఎన్ని రాడ్లు వేశారనిగానీ అడిగేవాళ్లు తక్కువ. కాకినాడలో మేం కట్టుకుంటున్న ఇల్లు ఇప్పుడు సరిగ్గా ఆ దశలోనే ఉంది. ఇటుక పని, లోపలి ప్లాస్టరింగ్ అయిపోయాయి. బయట సరుగుడు కర్రలతో పరంజా కట్టారు. ఫోన్ నిండా త్రీడీ బొమ్మలు. ఒకదాంట్లో ముందు భాగమంతా చెక్కలా కనిపించే పలకలు, ఇంకోదాంట్లో నల్లని ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటు, దాని మీద జాలీ, జాలీ వెనక లైట్లు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ ఆ బొమ్మల్లో ఎక్కడా వాన లేదు.

మా ఊళ్లో గోడకు పరీక్ష పెట్టేది వానే. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే తూర్పు, ఈశాన్యం నుంచి జల్లు అడ్డంగా కొడుతుంది. మిగతా ఏడాదంతా ఉప్పు గాలి. వేసవిలో పడమటి గోడ మధ్యాహ్నం నుంచి కాగి, మనం మంచాలు వేసుకునే వేళకి కూడా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. ఉత్తరపు గోడకు ఎండ సరిగా తగలదు, అక్కడ పాచి పడుతుంది. నాలుగు గోడలకూ నాలుగు రకాల కష్టాలు. మనమేమో డబ్బంతా వీధి గోడ మీద పోసి, మిగతా మూడింటికీ ఒక కోటు ప్రైమరు, ఒక కోటు రంగు కొట్టించి సరిపెడతాం. వాన కొట్టేది ఏ గోడకో, వీధిలోవాళ్లు చూసేది ఏ గోడో, రెండూ ఒకటే కావాలని లేదు కదా.

అందుకని ఎవరు ఏ పలక చూపించినా, ఏ రంగు చెప్పినా నేను అడుగుతున్నది ఒక్కటే. ఇది పాడైన రోజున ఎవరు బాగుచేస్తారు? దాంతో పాటు ఇంకెంత గోడ పగలగొట్టాలి?

పాత ఇళ్లకు ఈ ప్రశ్నకు జవాబు కట్టేటప్పుడే ఉండేది. సంక్రాంతి ముందు వెల్ల వేసేవాళ్లు. మా తీరం వైపు గుల్ల సున్నం, లోపలి ఊళ్లలో రాతి సున్నం. ఇప్పటికీ సున్నపు బట్టీలంటే పిడుగురాళ్ల పేరే చెబుతారు. తొట్టిలో నానబెట్టి, వడగట్టి, కాస్త తుమ్మజిగురు, చిటికెడు నీలిమందు కలిపి కుంచెతో పూస్తే, ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. గోడలోకి చేరిన చెమ్మ దాని గుండానే బయటికి పోతుంది. ఏడాది వానకు కొంత కొట్టుకుపోతుంది, మళ్లీ పండక్కి పూస్తారు. అది గోడ చెడిపోవడమని ఎవరూ అనుకోలేదు, ఇంటి పనుల్లో అదొక పని. 1591 నాటి చార్మినార్ మీది నగిషీలు కూడా సున్నంతో చేసినవే. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధులను బాగుచేసినప్పుడు, ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో పూసిన సిమెంటును ఊడబెరికి మళ్లీ సున్నమే వేయాల్సి వచ్చింది. పాత మట్టి గోడకో, సున్నపు గోడకో పైన సిమెంటు పూసి ప్లాస్టిక్ రంగు వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. అది కింద నుంచి పైకి పాకి, రంగును పొరలు పొరలుగా ఊడగొడుతుంది. తాతల నాటి ఇల్లు చేతికొచ్చినవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలా ఖర్చు తప్పుతుంది.

మాది సిమెంటు, ఇటుక, పిల్లర్ల ఇల్లు. దానికి సిమెంటు ప్లాస్టరింగే సరైన ఒంటి చొక్కా. పైన ఏ క్లాడింగు (పలకల తొడుగు) వేసినా వేయకపోయినా వానను ఆపాల్సింది అదే. కానీ అందరూ తొందరపెట్టే పని కూడా అదే. బయటి గోడకు మొత్తం 20 మిల్లీమీటర్ల మందం, రెండు కోట్లుగా రావాలి. మొదటి కోటు 12 నుంచి 15 మిల్లీమీటర్లు, అది పచ్చిగా ఉండగానే తాపీ మొనతో గీతలు గీయాలి, ఆ గీతల్లో రెండో కోటు పట్టుకుంటుంది. ఇటుకా కాంక్రీటూ కలిసే చోట, అంటే పిల్లరు పక్కనా బీము కిందా, రెండు వైపులా ఆరంగుళాల చొప్పున చికెన్ మెష్ కొట్టాలి. ఆ రెండూ ఎండకు ఒకేలా సాగవు. మెష్ లేకపోతే మొదటి వేసవికే అక్కడ తిన్నగా గీత గీసినట్టు పగులు వస్తుంది. ఆ పగుల్లోంచి నీళ్లు దిగాక పైన ఎంత ఖరీదైన పలక ఉన్నా ఒకటే.

మా తాపీ మేస్త్రి పెద్దాయన. ఎండ వెంట పోడు, నీడ వెంట పోతాడు. పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ. ఎందుకంటే ఎండలో పూసిన సిమెంటులోని నీళ్లు గట్టిపడేలోపే ఆవిరైపోతాయి. నీళ్లు పట్టే విషయంలో మాత్రం మా ఇద్దరికీ కాస్త వాదన నడిచింది. మా వీధిలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితోనే పట్టిద్దామన్నాడు. ఆ ఉప్పు ఎక్కడికీ పోదు, గోడ ఆరాక తెల్లగా పైకి వచ్చి రంగును నెడుతుంది. మంచినీళ్ల ట్యాంకరు తెప్పించాను, గోనె పట్టాలు వేలాడదీసి కనీసం వారం రోజులు తడిపి ఉంచాలన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. రంగు వేసేవాళ్లతో మాత్రం నెల దాకా రావొద్దనే చెప్పేశాను. కొత్త సిమెంటులో క్షారం ఎక్కువ, తడి కూడా ఆరి ఉండదు. అది చల్లారడానికి కనీసం 28 రోజులైనా పడుతుంది.

ఈ పనంతటిలో నేను నిలబడి చూసింది ఒక చిన్న పనిని. సన్‌షేడ్ అడుగున ప్లాస్టరింగ్ చేశాక, అంచు నుంచి అంగుళంన్నర లోపలికి, మేస్త్రి ఒక ఇనుప రాడ్డు ముక్కను పచ్చి సిమెంటులో ఈ చివర నుంచి ఆ చివరకు నొక్కాడు. మెల్లగా తీశాడు. వేలెడు గాడి పడింది. తర్వాత తడి స్పాంజితో దాని అంచులు దిద్దాడు, గోళ్లతో రెండు చోట్ల ఇసుక రేణువులు ఏరాడు. నేను చెంబుతో పైన నీళ్లు పోద్దునా అంటే, "రేపు పోయండి మాస్టారూ, పచ్చిగుంది" అన్నాడు. మర్నాడు పోశాను. నీళ్లు అంచు దాటి అడుగు భాగంలోకి పాకుతూ వచ్చి, గాడి దగ్గర ఆగి, బొట్లు బొట్లుగా కింద పడ్డాయి. గోడ తడవలేదు. "ఇది లేపోతే నీళ్లు గోడెంట వచ్చేత్తాయండి, మీరు ఎన్ని లచ్చల రంగేసినా నల్ల చారలే" అన్నాడు. ఊళ్లో ఏ వీధిలో నడిచినా కిటికీల కింద మూలల నుంచి దిగిన ఆ నల్లని చారలు కనిపిస్తాయి. అవన్నీ ఈ గాడి లేని సన్‌షేడ్లు, బయటికి పొడుచుకు రాని కిటికీ అడుగులు, నీళ్లను వీధి వైపుకు వాలుగా వదిలే పిట్టగోడలు చేసినవే.

పిట్టగోడ పైభాగం గురించి ఎవరూ ఆలోచించరు. వాన నేరుగా పడేది దాని నెత్తి మీదే. మేం దాని మీద తాండూరు నాపరాయి పలకలు పరిపిస్తున్నాం. లోపలి వైపు వాలు, గోడ కన్నా రెండు వైపులా అంగుళంన్నర బయటికి, అడుగున మళ్లీ గాడి. కిటికీల అడుగునా ఇదే రాయి. నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా కూడా రాయే వేస్తున్నాం, ఎందుకంటే వాన చినుకు నేల మీద పడి బురద చిమ్మేది అంత ఎత్తుకే. నాపరాయి సున్నపురాయి జాతి. తాండూరుది కానీ, బేతంచెర్లది కానీ, కడప నల్లరాయి కానీ ఆ జాతివే. దాన్ని యాసిడ్‌తో కడగకూడదు. పని ముగిశాక సిమెంటు మరకలు పోవాలని కూలీలు యాసిడ్ సీసా తెచ్చేస్తారు. రాయి నురగలు కక్కి, నునుపు పోయి, గరుకుబారిపోతుంది. మా పనిలో ఆ సీసా గేటు లోపలికి రాకూడదని ముందే చెప్పాను.

రాయి మీద నాకున్న ప్రేమ టైల్స్ మీద లేదు, కారణం చెబుతాను. మా పక్క వీధిలో ఒక ఇంటి ముందు గోడకు మూడేళ్ల కింద అందమైన ఎలివేషన్ టైల్స్ వేశారు. మొన్న వేసవిలో పై అంతస్తు నుంచి నాలుగు టైల్స్ ఊడి, కింద నిలిపిన స్కూటరు సీటు మీద పడ్డాయి. మనిషి లేకపోవడం అదృష్టం. నేను వెళ్లి మిగిలిన వాటి మీద వేలి కణుపుతో కొట్టి చూశాను. మూడింట ఒకటి డొల్లగా మోగింది. విట్రిఫైడ్ టైల్ అర శాతం కన్నా తక్కువ నీళ్లు పీల్చుకుంటుంది. మామూలు సిమెంటు ముద్ద పట్టుకోవాలంటే టైల్ కొంచెమైనా పీల్చుకోవాలి. దీనికి అది కుదరదు. టైల్ అడ్హెసివ్ కావాలి, దానికి భారత ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 15477. టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు వదలాలి. సందు లేకుండా అతికించిన నల్ల టైల్ పడమటి ఎండకు సాగితే పోవడానికి చోటుండదు, పైకి లేస్తుంది. గ్రానైట్ అయితే ఇంకా జాగ్రత్త. 20 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకు దాదాపు ఐదు కిలోలు తూగుతుంది. అంత బరువును పై అంతస్తులో ఒట్టి సిమెంటు మీద నమ్మకూడదు, స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపులు ఉండాలి. సముద్రం దగ్గర వాటిలోనూ 316 రకమే. అవి లేకుండా పలక పెడతామనేవాళ్లను గోడ దగ్గరికి రానివ్వకండి.

ఏసీపీని నేను ఇంటికి వద్దన్నాను. గాలి ఒక కారణం. కట్టడాల మీద గాలి భారాన్ని లెక్కగట్టే ఐఎస్ 875లో హైదరాబాద్‌కు గాలి వేగం సెకనుకు 44 మీటర్లు ఉంటే, విశాఖకూ విజయవాడకూ 50. అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డప్పుడు అద్దాల ముఖాలున్న భవనాలు ఏమయ్యాయో, విమానాశ్రయం పైకప్పు ఏమైందో చూశాం. నాలుగు స్క్రూలతో ఫ్రేముకు బిగించిన షీటు ఆ గాలికి ఎంతసేపు ఆగుతుంది? ఇంకో కారణం నిప్పు. 2017 జూన్‌లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయారు. రెండు అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలీన్ ఉన్న షీట్ల మీదుగా మంట అంతస్తులు ఎక్కింది. అది ఆకాశహర్మ్యం, మాది రెండంతస్తుల ఇల్లు, నిజమే. కానీ మధ్యలో ఏ పదార్థం ఉందో అడగకుండానే కొట్టుకునే అదే తరహా షీటును కరెంటు మీటరు పక్కన, వంటింటి కిటికీ చుట్టూ బిగించుకోవడం నాకు మనసొప్పలేదు.

ఇటుకను ఇటుకగానే వదిలేయడం మీద మాత్రం నాకు ఆశ ఉంది. వాస్తుశిల్పి లారీ బేకర్ తిరువనంతపురంలో కట్టినవి చూసినవాళ్లకు ఎవరికైనా ఆ ఆశ పుడుతుంది. అయితే దానికి ఇటుక ఏరుకోవాలి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి తూచితే, బరువులో ఇరవై శాతం కన్నా ఎక్కువ నీళ్లు పీల్చినది పనికిరాదు. ఒకదానితో ఒకటి తట్టితే ఖంగుమనాలి. ఇలా ఏరిన ఇటుకలతో మెట్ల గోడ ఒక్కటే, సన్‌షేడ్ నీడలో జల్లు తగలని చోట, పూత లేకుండా కట్టించాను. కట్టేటప్పుడు మేస్త్రి తాపీతో సందులను లోపలికి నొక్కి గీశాడు, మామూలు గోడ కన్నా రెట్టింపు సమయం పట్టింది. ఇంటికి వచ్చినవాళ్లు చెయ్యి వేసి తడిమి చూసేది ఆ గోడనే.

మిగతాదంతా మంచి ఎక్స్‌టీరియర్ ఎమల్షన్, లేత రంగు. పడమటి వైపు మరీ లేతగా. ముదురు రంగు ఎండను మింగుతుంది, త్వరగా వెలుస్తుంది కూడా. డబ్బా మీద రాసిన వారంటీ ఏళ్లను నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. ఐదారేళ్లకు మళ్లీ వేయాల్సిందేనని ఇప్పుడే ఇంటి ఖర్చుల్లో రాసుకున్నాం. రంగు పాతబడితే గోకి మళ్లీ వేయొచ్చు, గోడ పగలగొట్టక్కర్లేదు, ఊళ్లో ఏ పెయింటరైనా చేస్తాడు. షేడ్ నంబరును బీరువా తలుపు లోపల రాసిపెట్టాను.

వచ్చే వారం పరంజా విప్పాలని మేస్త్రి తొందర. కర్రలు ఇంకో చోటికి పోవాలి. విప్పడానికి ముందు నేను అడిగిన పనులు కొన్ని మిగిలాయి. కర్రలు దూర్చిన బొక్కల్లో ఇటుక ముక్కలు పెట్టి సిమెంటుతో పూడ్చాలి. చాలా చోట్ల అక్కడ మట్టి కూరి పైన పూసేస్తారు. వాన నీళ్ల గొట్టాలు గోడకు ఆనకుండా అంగుళం ఎడంగా క్లాంపుల మీద నిలవాలి, లేకపోతే వాటి వెనక పాచి చేరి రంగు వేయడానికి చెయ్యి పట్టదు. కిటికీ ఫ్రేమ్ చుట్టూ సీలెంటు పూయాలి. గోడంతా చిన్న కర్రతో తట్టుకుంటూ పోయి డొల్లగా మోగినచోట సుద్దముక్కతో గుండ్రం గీయాలి, ఆ మేరకు చెక్కి మళ్లీ పూయాలి. ఇక ఏసీ గొట్టాల బొక్కలు. మాకు ఇప్పుడే ఏసీలు లేవు, కానీ ఎప్పుడో ఒకప్పుడు ఒక కుర్రాడు డ్రిల్లు పట్టుకొచ్చి తిన్నగానో, లోపలికి వాలుగానో తూటు పొడిచేస్తాడు, ఆ తర్వాత ప్రతి తుపానుకీ ఆ గదిలో గోడ చెమ్మెక్కుతుంది. అందుకని మూడు గదుల్లోనూ ఇప్పుడే, రంగు పడకముందే, బయటికి వాలుగా పీవీసీ గొట్టం పెట్టించి మూత బిగించమన్నాను.