తెర మళ్ళీ లేచింది – మన విమర్శ ఎక్కడ?

2022 వేసవిలో మా ఓబులదేవరచెరువు ప్రాంతంలోని ఒక పల్లెలో రాత్రంతా కూర్చుని ‘శ్రీకృష్ణ రాయబారం’ చూశాను. రెండేళ్ళుగా మూగవోయిన హార్మోనియం ఆ రాత్రి పలికింది. కృష్ణుడు పద్యం ముగించగానే వెనకవరసలోంచి ఒక ముసలాయన ‘వన్స్ మోర్’ అని కేకవేశాడు. జనమంతా చప్పట్లు కొట్టారు. నాకూ సంతోషం కలిగింది. కాని విమర్శకుడు సంతోషం దగ్గర ఆగిపోకూడదు. తిరిగి వచ్చింది ఏమిటి? ఎవరి షరతుల మీద వచ్చింది? ఈ ప్రశ్నలు వేసుకోక తప్పదు.

మా వైపు శివరాత్రి మొదలు వానలు పడేదాకా నాటకాల కాలం. 2020 మార్చి 25న, సరిగ్గా ఉగాదినాడు, లాక్‌డౌన్ మొదలైంది. మరుసటి ఏడు రెండో విడత వ్యాధి విజృంభించి, మే 5 నుంచి రాష్ట్రంలో కర్ఫ్యూ పెట్టారు. అంటే వరసగా రెండు కాలాలు దెబ్బతిన్నాయి. హార్మోనిస్టు, తబలిస్టు, మేకప్ వేసేవాడు, సీన్లూ డ్రెస్సులూ అద్దెకిచ్చేవాడు, స్త్రీ పాత్రలు ధరించే కళాకారిణులు – వీళ్ళెవరికీ నెలజీతం లేదు. ఏ రాత్రి కూలి ఆ రాత్రిదే.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. ఇంగ్లండులో పబ్బుల్లో గిటారు వాయించి పాడేవారిదీ ఇదే బతుకు. అక్కడి ప్రభుత్వం 2020 జూలైలో కళారంగానికి 157 కోట్ల పౌండ్ల సహాయం ప్రకటించింది. 2021 జూలై 19న ఆంక్షలు ఎత్తివేశాక పబ్బుల్లో పాట పూర్తిగా తిరిగి మొదలైంది. అయితే సంస్థలకు అందినంతగా, ఏ సంస్థకూ చెందని గాయకుడికి సహాయం అందలేదన్న విమర్శ అక్కడా వచ్చింది. తాగేవాడి ఉల్లాసం మీద ఆధారపడిన పాటకూ, జాతర కమిటీ దయమీద ఆధారపడిన పద్యానికీ ఆర్థిక పునాది ఒకటే.

లాక్‌డౌన్ మీద మన కవులు చాలా రాశారు. నడిచివెళ్ళిన వలసకూలీని గురించి రాశారు, రాయవలసిందే. కాని ఆ సాహిత్యంలో రంగస్థల కళాకారుడు కనిపించినప్పుడు జాలిపడదగిన మనిషిగానే కనిపించాడు. శ్రామికుడుగా కనిపించలేదు. అతని పనిలోని మంచిచెడ్డలు చర్చకు రాలేదు. జాలి విమర్శకు ప్రత్యామ్నాయం కాదు.

‘పౌరాణిక నాటకం భూస్వామ్య అవశేషం, దానితో మనకేం పని?’ అని కొందరు మిత్రులు అంటారు. వస్తువు మాట నిజమే కావచ్చు. కాని ప్రజలు రాత్రంతా మేలుకుని వినే రూపాన్ని వదులుకోవడం అభ్యుదయం కాదు. తెలుగు నాటకంలో పద్యాలూ పాటలూ పాడించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు మా పొరుగు ధర్మవరంలో పుట్టినవాడే. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను అవశేషమని పారవెయ్యలేదు. నాజర్ చేతిలో అది ప్రజల ఆయుధమైంది. సుంకర, వాసిరెడ్డిల ‘మాభూమి’ని నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిందంటే, సజీవ ప్రదర్శన బలమెంతో పాలకులు మనకన్నా ముందే గ్రహించారన్నమాట.

ఇక ఆ రాత్రి ప్రదర్శన సంగతి. కృష్ణుడి పాత్రధారి మొదటిసారి రాగాలాపనలో పద్యాన్ని ముంచేశాడు. రాయబారం యుద్ధమా సంధా అన్న వాదన. ఆ వాదన ఒక్క మాటకూడా వినిపించలేదు. వన్స్ మోర్ పడ్డాక రాగం తగ్గించి, మాట తుంచకుండా చదివాడు. ఈసారి చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి, ఎందుకంటే జనం అర్థం వింటున్నారు. ప్రేక్షకుడు నటుణ్ణి దిద్దడమంటే ఇదే. లాక్‌డౌన్ రోజుల్లో సెల్‌ఫోనుల్లో తిరిగిన పద్యాలకు ఈ భాగ్యం లేదు. వాటిని మళ్ళీ వినవచ్చు, మళ్ళీ పాడించలేము.

అదే వేదికమీద మరో దృశ్యం కూడా చూశాను. తాగివచ్చిన ఒక ఆసామి వందనోటు పట్టుకుని, కళాకారిణిని ‘ఇంకో స్టెప్పు’ వెయ్యమన్నాడు. మైకులో అతని పేరు చదివారు. ఆమె వేసింది. రెండేళ్ళు పనిలేని మనిషి కాదనగలదా? ప్రేక్షకుడి చప్పట్లు కళను దిద్దుతాయి. డబ్బు కట్టినవాడి కేక కళను వంచుతుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూపించడం విమర్శ బాధ్యత.

ఆ బాధ్యత మనం వదిలేసిన చోట అధికారం ప్రవేశిస్తుంది. తెరలు మళ్ళీ లేస్తున్న 2022 జనవరిలోనే రాష్ట్రప్రభుత్వం ‘చింతామణి’ ప్రదర్శనను నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చేసిన ఫిర్యాదు దానికి కారణం. కళాకారులు తమ పొట్ట కొట్టవద్దని నిరసన తెలిపారు. వ్యవహారం హైకోర్టుకు వెళ్ళింది. వేశ్యాలోలతను ఖండించడానికి కాళ్ళకూరి నారాయణరావు రాసిన నాటకమది. ప్రదర్శనల్లో సుబ్బిశెట్టి హాస్యం ఏళ్ళతరబడి ముదిరి బూతుగా మారిందన్నది కాదనలేని నిజం. కులాన్ని ఎగతాళి చేసే హాస్యాన్ని మనం సమర్థించలేము. అలాగని నిషేధాన్నీ సమర్థించలేము. ఈ వికృతిని పెంచింది రచయిత కలం కాదు, నోట్లు గుచ్చే చేతులు. దానిని ఎప్పటికప్పుడు ఎత్తిచూపవలసిన మనం అచ్చు పుస్తకాల సమీక్షల్లో మునిగివున్నాం. విమర్శ చెయ్యవలసిన పనిని ఉత్తర్వు చేసింది. ఉత్తర్వుకు మంచిచెడుల విచక్షణ ఉండదు కనుక మొత్తం నాటకాన్నే ఆపింది.

తెర లేవడం ఒక్కటే పునరాగమనం కాదు. నటీనటుల కూలికి పూచీ, కళాకారిణి గౌరవానికి రక్షణ, ప్రదర్శనమీద నిర్మొహమాటమైన విమర్శ – ఈ మూడూ లేనప్పుడు తిరిగి వచ్చేది పాత బానిసత్వమే. రచయితలూ సాహిత్య విద్యార్థులూ పుస్తకం పక్కనపెట్టి ఒక రాత్రి జనం మధ్య కూర్చోవాలి. చప్పట్లు ఎక్కడ కొట్టాలో, ఎక్కడ కొట్టకూడదో ప్రజలతో కలిసి నేర్చుకోవాలి.