మూడో పేరా

కౌంటర్ రాయడంలో జూనియర్‌కి మొదట అబ్బే విద్య కాదనడం. "పిటిషనర్ ఆరోపణలన్నీ అబద్ధం, నిరూపించుకునే భారం వారిదే" అన్న వాక్యం మా టైపిస్టుకు కంఠతా వచ్చు. మనం చెప్పేలోపే కొట్టేస్తాడు. ఫ్యామిలీ కోర్టులో ఈ అలవాటు ముదరడానికి ఇంకో కారణం ఉంది. "ప్రతివాది తాగుడుకు బానిసై" అనే పేరా ఎన్నో విడాకుల పిటిషన్లలోకి పాత ఫైలు నుంచి అలాగే దిగిపోతుంది, ఆ భర్త కల్లు ముంత కూడా ముట్టనివాడైనా సరే. రోజూ వినే జడ్జిగారికి అది చెవినపడుతుంది గానీ ఎక్కదు. చిక్కల్లా నిజంగా తాగి, నిజంగా మానేసినవాడు బిడ్డను ఇప్పించమని వచ్చినప్పుడే.

అలాంటి తండ్రి తరఫున పిటిషన్ రాస్తే మూడో పేరాలోనే తాగుడు సంగతి పెట్టేస్తాను. ఎన్నేళ్లు తాగాడు, ఇంట్లో ఏం చేశాడు, పిల్లలు ఏం చూశారు, ఏ తేదీన ఆస్పత్రిలో చేరాడు. మా సీనియర్‌గారు చివరిదాకా దీనికి ఒప్పుకోలేదు. "అవతలివాళ్ల కత్తి నువ్వే నూరిస్తావేంటమ్మా" అనేవారు. నా లెక్క వేరు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 25వ సెక్షన్ కింద తండ్రి ఎంత హక్కుగా అడిగినా, కోర్టు ముందు చూసేది బిడ్డ మేలు. పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కారని రోజీ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు 1973లోనే తేల్చింది. కాబట్టి పాత తాగుడును కాదని సాధించేదేమీ లేదు. ఇప్పుడెలా బతుకుతున్నాడన్నదే కోర్టుకు కావాలి. అసలు తాగనే లేదన్నవాడు మానేశానని ఎలా చెప్పుకుంటాడు?

పైగా 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం అక్కడ వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. జడ్జిగారు తలుచుకుంటే మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి నేరుగా ఆయన్నే అడుగుతారు. "మద్యపాన వ్యసనమునకు లోనై" అని నేను రాసిపెడితే ఆయన నోరు తిరగదు. "పొద్దున్నే చేతులు వణికేవి, క్వార్టర్ పడితేగానీ స్పానర్ పట్టుకోలేకపోయేవాణ్ణి" అయితే నిలబడి చెప్పగలడు.

స్పానర్ అన్నానంటే ఒక మెకానిక్ కేసు మనసులో ఉంది. ఆనవాళ్లు మార్చే రాస్తున్నాను. ఎనిమిదేళ్ల కూతురు తల్లితో పాటు అమ్మమ్మగారింట్లో ఉంటోంది. డీఅడిక్షన్ సెంటర్‌వాళ్లు ఇచ్చిన డిశ్చార్జి కాగితాన్ని పెళ్లిఫొటోలా లామినేషన్ చేయించి తెచ్చాడు. అది చేరాడని, వెళ్లాడని చెబుతుందంతే. లివర్ పరీక్ష ఒక్కటి బాగున్నా అంతే. నెలనెలా చేయిస్తే జీజీటీ అంకె దిగడం కనిపిస్తుంది, అదీ వేరే కారణాలతో హెచ్చుతగ్గులవుతుంది. నేను అడిగింది మెకానిక్ తల్లిగారి నోటుబుక్కు. డైసల్ఫిరామ్ మాత్ర రోజూ ఆవిడ ఎదురుగా వేసుకుంటాడు, ఆవిడ తేదీ పక్కన సంతకం పెడుతుంది. ఆ మాత్ర మీద మందు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు. (మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టేవాళ్లున్నారు. ఆ పని చేయకండి, ప్రాణం మీదికొస్తుంది.) నోటుబుక్కు ఎగ్జిబిట్‌గా మార్క్ అయింది, వెనక పేజీల్లోని పాల లెక్కలతో సహా.

నెలకు రెండు శనివారాలు, కోర్టులోని పిల్లల గదిలో రెండేసి గంటలు కలవమని మొదట ఆర్డరు వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, నోట్లో యాలక్కాయ. గుమ్మం బయటే ఆపాను.

"అది ఊసేసి నోరు కడుక్కో బాబూ."

"వాసన రాకూడదని, మేడం."

"ఏ రోజుల్లో నమిలేవాడివో నీ కూతురికి తెలియదా?"

కడుక్కొచ్చాడు. పాప వచ్చింది, బల్ల మీది బొమ్మ అందుకునే నెపంతో తండ్రి ముఖం దగ్గరికి వంగి గాలి పీల్చింది, ఆ తర్వాతే కుర్చీ లాక్కుంది. తల్లి తలుపు దగ్గర నిలబడి అదంతా చూస్తూనే ఉంది.

ఆ తల్లి భయాన్ని కక్ష అని రాసిపారేయడం మా వృత్తిలో ఇంకో చెడ్డ అలవాటు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ గడ్డ ఇది. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యం ఆగింది, 1997లో సడలింపు వచ్చింది. ఆ తర్వాత ఏ ఇంటి ఇల్లాలు ఆ ఇంటికి కాపలా. "ఇంకొన్నాళ్లు చూద్దాం" అనే హక్కు ఆవిడకు బోలెడంత ఉంది. ఆవిడ కౌంటర్‌కి రిప్లై వేసినప్పుడు తాగుడు గురించిన ఏ మాటనూ నేను ఖండించలేదు.

కనుమ నాడు అక్కగారి ఊళ్లో బావ పోసిస్తే మా మెకానిక్ తాగాడు. మూడు రోజులు మాత్ర మానేస్తే చాలనుకున్నాడట. దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. రాత్రంతా వాంతులే. మర్నాడు తనే ఫోన్ చేశాడు. నోటుబుక్కులో ఆ గళ్లు ఖాళీగా ఉన్నాయి, వాళ్లమ్మ పూరించనంది. అదనపు అఫిడవిట్ వేద్దామన్నాను. "ఇక పాపను చూపించరు మేడం" అని ఏడ్చాడు. వేశాం. అవతలి వకీలు దాన్ని కోర్టులో గట్టిగా చదివాడు, నేనైనా చదివేదాన్నే. పాపను రాత్రిళ్లు తన దగ్గర ఉంచుకుంటానని వేసిన మధ్యంతర పిటిషన్ కొట్టేశారు, శనివారాలు మిగిలాయి. పాప తల్లి ఆ అఫిడవిట్ అడిగి తీసుకుని చదువుకుంది. "ఇదివరకు నేను పట్టుకుంటే తప్ప చెప్పేవాడు కాదు" అంది. అయినా అభ్యంతరం వెనక్కి తీసుకోలేదు.

కస్టడీ ఉత్తర్వుల్లో ఆఖరిదంటూ ఉండదు. పరిస్థితి మారిందని చూపిస్తే ఎవరైనా మళ్లీ తలుపు తట్టొచ్చు. అసలు పిటిషన్ అలాగే ఉంచి, దసరా సెలవుల్లో పగటిపూట నాలుగు రోజులు అడుగుతూ ఇంకో మధ్యంతర పిటిషన్ వేశాం. నాన్నమ్మ కూడా ఇంట్లో ఉండాలి, పాపను బండి మీద తిప్పకూడదు అని తల్లి తరఫువాళ్లు షరతులు పెట్టారు. మొదటిదానికి సరేనన్నాం. మెకానిక్ కూతురు బండెక్కకపోతే ఎలా మేడం అని రెండోదాని దగ్గర ఆయన పట్టుపట్టాడు. ఈసారికి ఆటోలో తీసుకెళ్లమంటున్నాను, ఇంకా ఒప్పుకోలేదు.