కరువులో మా గడప ఏది?

ఎం.ఎస్. సత్యు కన్నడ సినిమా 'బర' (1982) చూసినవాళ్లది రెండు మాటలు. కరువు వెనక రాజకీయాన్ని సూటిగా చూపిందని కొందరు. ఇది సినిమా కాదు, కలెక్టరాఫీసు ఫైలు అని మరికొందరు. కరువు సినిమా ఎండి ఉండటం తప్పేం కాదు. కానీ కర్ణాటక సరిహద్దున ఉన్న మా విడపనకల్లు నుంచి చూస్తే, అసలు ప్రశ్న వేరే ఉంది.

అనంతమూర్తి కథ ఇది. జిల్లాలో కరువుందని ప్రకటించమంటాడు కలెక్టరు. రాజకీయం అడ్డం పడుతుంది. నడుమ మతకలహం రేపుతారు. ఇదంతా నిజమే. గూగూడు కుళ్లాయిస్వామి పేరు హిందువులూ పెట్టుకునే జిల్లా మాది. వాన రాకపోతే అందరి చేనూ ఎండుతుంది. గలాటా వస్తే మాత్రం పేరు వెనక మతం వెతుకుతారు.

ఆ గలాటాను కూడా మనం కలెక్టరు వైపు నుంచే చూస్తాం. ఇదే సత్యు 'గరం హవా' (1973)లో మనల్ని ఆగ్రాలో సలీం మీర్జా ఇంట్లోకి తీసుకుపోయాడు. ఇల్లు వదలనన్న ముసలమ్మ మొండితనంలో దేశవిభజన అర్థమైంది. 'బర'లో ఏ ముస్లిం ఇల్లూ కథకు నడుమ లేదు. హిందీలో 'సూఖా'గా వచ్చినప్పుడు దానికి జాతీయ సమైక్యతా అవార్డిచ్చారు. సంతోషం. కానీ దెబ్బలు తిన్నవాళ్ల లెక్కలో తప్ప మేం కనబడని సమైక్యత ఎవరిది? కరువులో మా పొయ్యి కూడా ఆరిపోతుందని చూపాల్సింది.