పిల్ల కాలు నిలిచే చోటు

పావురానికి గూడు కట్టడం రాదంటారు. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి, మధ్యలో రెండు గుడ్లు పెట్టి కూర్చుంటుందని ఎగతాళి చేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. మన పెంపుడు పావురాలన్నిటికీ మూలం కొండ పావురం. రాతి చరియ మీది చదును, గుహలోని అరుగు దాని ఇల్లు. గాలీ వానా తగలని చోటు ముందే చూసుకున్న పక్షికి గోడలెందుకు, కప్పెందుకు? గుడ్డు దొర్లిపోకుండా కాస్త అంచు కావాలి, పిల్ల కాలికి పట్టు కావాలి. పైగా పావురాలు పిల్లల రెట్టను బయట పారేయవు. అది పుల్లల సందుల్లో ఎండి బిగుసుకుంటుంది. ఒకే చోట ఈతకు ఈత పెడుతూ పోతే ఆ పల్చటి గూడే గట్టి దిమ్మె అవుతుంది.

దుబ్బాకలో మిద్దెల మీద పావురాలు పెంచేవాళ్లు కొత్త జత కుదరగానే అడుగుతారు, "గూట్లె ఏం పెట్టాలె అన్నా, గుడ్డు పగలకుంట?" అని. గుడ్డు గురించి అంత భయం అక్కర్లేదు. రెండో గుడ్డు పడ్డాక 17, 18 రోజులు ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. పొద్దెక్కినప్పటి నుంచి సాయంత్రం దాకా మగది, మిగతా పొద్దంతా, రాత్రంతా ఆడది. అసలు భయపడాల్సింది గుడ్డు పగిలి పిల్ల వచ్చాక. 20 గ్రాములు కూడా ఉండని పిల్ల, తల్లీ తండ్రీ ఇద్దరి గొంతు సంచిలోనూ ఊరే పాలతో మొదలుపెట్టి, నాలుగు వారాలకు ఇంచుమించు తల్లంత బరువుకు వస్తుంది. అంత వేగంగా పెరిగే ఒంటిని మోయాల్సిన కాళ్లు అప్పటికింకా లేత ఎముకలు. కింద నున్నగా ఉంటే కాళ్లు రెండు పక్కలకీ జారిపోతాయి. అట్లాగే ముదిరితే ఆ పిల్ల ఇక నిలబడదు. మొదటి వారంలోనే గమనించి, రెండు కాళ్లనూ మెత్తటి పట్టీతో దగ్గరకు కట్టి ఉంచితే చాలా పిల్లలు కోలుకుంటాయి గానీ, ఆ బాధ రాకుండా చూడటం మన చేతిలో పని.

అందుకే ప్లాస్టిక్ గిన్నెలంటే నాకు పడదు. తేలిక, చవక, కడగడం సులువు, అన్నీ నిజమే. కానీ అడుగు నున్నన, తేమ పీల్చదు, తల్లి అంచు మీద వాలితే ఒరుగుతుంది. కుమ్మరి చేసిన మట్టి మూకుడు బరువుతోనే నిలుస్తుంది. మెరుగు పెట్టని మట్టి రెట్టలోని తడిని పీల్చుకుంటుంది. ఎండాకాలం మన రేకుల షెడ్ల వేడిలో పిల్లలకు అదే కాస్త ఊరట. గిరిబాజ్, హోమర్ జాతుల జతలకు 9, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల లోతు సరిపోతుంది. తోక విప్పుకునే లక్కా పావురాలకు ఇంకొంచెం వెడల్పు కావాలి. ఇళ్లలో మామూలుగా వాడే మూకుడు అడుగు గుండ్రంగా ఉండి ఊగుతుంది కాబట్టి, అడుగు చదునుగా చేయమని కుమ్మరికి ప్రత్యేకంగా చెప్పాలి. లోపలి వైపు నునుపు చేయొద్దని, సారె మీద వేళ్లు పడ్డ గీతలు అట్లాగే ఉంచమని కూడా చెప్పాలి. పక్షి పిల్ల కాలికి పట్టు కోసం అని వివరిస్తే ఎంత శ్రద్ధగా చేసిస్తారో!

ఇక పుల్లలు. బెత్తెడు నుంచి జానెడు పొడవు, అగ్గిపుల్లంత మందం, కొంచెం వంకరగా ఉంటే మరీ మంచిది. వంకర పుల్లలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మొదట చెప్పేది వేప పుల్లే. వేపలో పురుగును దూరంగా ఉంచే గుణం ఉంది. యూరప్, అమెరికాల్లో ఇదే పనికి పొగాకు కాడలు వాడతారు. మన వాకిట్లో వేప ఉండగా వాటి కోసం వెతకడం దేనికి? 2021లో మాత్రం తెలంగాణ అంతటా శిలీంధ్ర తెగులుతో వేపచెట్ల కొమ్మల చివర్లు మాడిపోయాయి. అట్లాంటి కొమ్మల పుల్లలు గూట్లోకి తేవద్దు. అప్పుడు కంది కట్టె సన్న రెమ్మలు ఆదుకుంటాయి. పత్తి కట్టె జోలికి పోకండి, దాని మీద ఎన్ని మందులు కొట్టారో ఎవరికి ఎరుక? వరిగడ్డి వానాకాలం తడిసి బూజు పడుతుంది. రంపపు పొట్టు పిల్లల నోట్లోకి పోతుంది.

పుల్లలు తెచ్చి మనమే మూకుట్లో చక్కగా పేర్చిపెట్టడం చాలామంది చేసే పని. ప్రేమతోనే చేస్తారు, కానీ అది పక్షుల వంతు. మగది ఒక్కో పుల్లే ముక్కున కరిచి తెచ్చి, కూర్చున్న ఆడదాని వీపు మీదుగా అందిస్తుంది. ఆడది దాన్ని తీసుకుని ఒంటి కిందికి, పక్కలకు సర్దుకుంటుంది. ఇది ఉత్త కట్టుబడి పని కాదని డేనియల్ లేర్మన్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో 1950లు, 60లలో ఆయన గువ్వల మీద ప్రయోగాలు చేశాడు. విడివిడిగా ఉంచిన ఆడా మగా గువ్వలను ఒకచోట చేర్చి, వెంటనే తయారైన గూడు, గుడ్లు ముందు పెడితే అవి పట్టించుకోలేదు. పొదగడానికి కూర్చునేసరికి చాలా రోజులు పట్టింది. వారం పాటు తోడుతోపాటు గూటి సామాను కూడా ఇచ్చి ఉంచిన జతలు గుడ్లు ముందు పెట్టగానే ఎక్కి కూర్చున్నాయి. పుల్ల మోయడం, అందుకోవడం వాటి ఒంట్లో పొదగడానికి కావాల్సిన మార్పును తెస్తోందన్నమాట. కాబట్టి మూకుట్లో గుప్పెడు పుల్లలు మాత్రం వేసి, మిగతావి షెడ్డులో ఇంకో మూలన పోయండి. మగది నడిచి వెళ్లి ఏరుకోవాలి.

దుబ్బాకవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మనది మగ్గాల ఊరు. నేతన్నల ఇళ్ల ముందు తెగిన నూలు పోగులు పడి ఉంటాయి, పావురాలకు అవీ గూటి సామానే. గట్టి నూలు పోగు పిల్ల కాలికి చుట్టుకుంటే కాలు లావెక్కే కొద్దీ బిగుస్తుంది. రక్తం ఆగి వేళ్లు నల్లబడి రాలిపోతాయి. పారిస్‌లో 2019లో వెలువడిన ఒక పరిశోధన నగర పావురాల తెగిన వేళ్లను లెక్కగట్టింది. క్షౌరశాలలు ఎక్కువున్న పేటల్లో ఆ గాయాలు ఎక్కువని తేలింది. తలవెంట్రుక చేసే పనే మన పోగూ చేస్తుంది. ఊడ్చిన పోగులను సంచిలో మూటకట్టమని మగ్గాల ఇళ్లవాళ్లను అడగండి, ఎవరూ కాదనరు. పెంచేవాళ్లు రోజూ పిల్లల కాళ్లు చూడాలి. పోగు కనిపిస్తే లాగొద్దు, సన్న కత్తెరతో కోసి తీయాలి. గోనె సంచి ముక్కలు పరిచేవాళ్లకూ ఇదే మాట, దాని దారాల్లో గోళ్లు చిక్కుకుంటాయి.

పిల్లలకు రెండు మూడు వారాలు రాగానే ఆడది మళ్లీ గుడ్డుకు వస్తుంది. అప్పటికి ఎదురు మూలలో రెండో మూకుడు, కొత్త పుల్లలు సిద్ధంగా ఉండాలి. లేకపోతే పిల్లల మధ్యే గుడ్లు పెట్టి తొక్కించుకుంటుంది. మొదటి మూకుడు ఖాళీ కాగానే గీకి, కడిగి, ఎండలో బాగా ఎండబెట్టాలి. గీకేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. మూకుళ్లు జతకు రెండు చొప్పున చెప్పి చేయించుకోవాలి. దీపావళికి ప్రమిదలు, ఎండాకాలానికి కుండలు అంటూ కుమ్మరులకు తీరిక ఉండదు. సంక్రాంతికి ముందే వెళ్లి అడగండి.