బాలచికిత్సలో వర్చువల్ రియాలిటీ - మాతృభాషా ప్రసక్తి

అన్నము తినని బిడ్డకు చందమామను చూపి గోరుముద్దలు పెట్టుట తెలుగు తల్లులు తరతరములుగా ఎఱిగిన ఉపాయము. దృష్టిని మరల్చి పని నెఱవేర్చుకొను ఆ నేర్పునకు నేటి వైద్యశాలలో ఏర్పడిన యంత్రరూపమే వర్చువల్ రియాలిటీ. కన్నులను పూర్తిగా కప్పు సాధనమును తలకు తగిలించినచో బిడ్డకు సూదియు, గాయపు కట్టును కానరావు. తల త్రిప్పిన దిక్కున నెల్ల వేఱొక లోకము గోచరించును. ఈ సాధనము గుణమెట్టిది, మేలూరువంటి తావుల తెలుగు బిడ్డలకు ఇది ఎట్లు ఉపకరింపవలెను అనునవి విచార్యములు.

వెన్నుపాములో వేదనకు ద్వారమువంటి ఏర్పాటు కలదనియు, మెదడునుండి దిగు సంకేతములు దానిని కొంత మూయగలవనియు 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. మనస్సు అన్యాసక్తమైనపుడు నొప్పి తగ్గుటకు ఇది ఒక ఉపపత్తి. 2000లో హాఫ్‌మన్, ఆయన సహచరులు ప్రకటించిన పత్రములో, కాలిన గాయములుగల ఇద్దఱు కౌమారవయస్కులు గాయచికిత్స వేళ ఈ మిథ్యాలోకములో ఉన్నపుడు, సాధారణ వీడియో ఆట ఆడినప్పటికంటె నొప్పి తక్కువయని తెలిపిరి. కాలినవారికై మంచులోయను చూపు 'స్నోవరల్డ్' ఆ కృషి ఫలమే.

అయినను ప్రశంస ప్రమాణమును మీఱరాదు. 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 4 మొదలు 18 ఏండ్లవఱకు గల 1008 మంది పిల్లలపై జరిగిన 17 పరీక్షలను తూచి, నిదర్శనముల నిశ్చయత్వము అల్పము, లేదా అత్యల్పము అని తేల్చినది. తలకు యంత్రము తగిలించుకొన్న బిడ్డకు తాను పొందు చికిత్స ఏదో తెలియకుండునట్లు చేయుట అసాధ్యము గదా! కావున క్రొత్తదనముపై మోజెంత, నిజమగు ఉపశమనమెంత అను వివేచన కష్టము.

కంటివైద్యమున స్థితి కొంత భిన్నము. అందు బొమ్మయే ఔషధము. మందదృష్టిగల 4-7 ఏండ్ల పిల్లలకై 2021లో అమెరికా ప్రభుత్వ ఔషధనియంత్రణ సంస్థ అనుమతించిన 'లూమినోపియా' సాధనము, బలమైన కంటికి చూపు బొమ్మను మసకజేసి రెండు కన్నులను కలిసి పనిచేయించును. 105 మంది పిల్లల పరీక్షలో 12 వారములకు బలహీనమగు కన్ను దృష్టిపటముపై సగటున 1.8 వరుసలు మెఱుగుపడగా, కళ్ళద్దములు మాత్రమే ధరించినవారికి అది 0.8 వరుస. అయితే బిడ్డ దినమునకొక గంట, వారమునకు 6 దినములు ఆ కథలను చూడవలెను. అర్థముకాని భాషలోని కథను ఏ బిడ్డ అంతసేపు చూచును?

ఇచ్చటనే మేలూరు ప్రసక్తి. మదురకు ఈశాన్యమున, తిరుచిరాపల్లి త్రోవలోనున్న ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములలో బిడ్డ ఇంట తెలుగు పలుకును, బడిలో తమిళము చదువును. తెలుగు లిపి పలువురకు అపరిచితము. భాష చెవిద్వారముననే నిలిచినది. ఈ యంత్రము అక్షరమును కోరదు, చెవినే కోరును. కావున లిపి తెలియమి ఇందు లోపము కాదు.

యంత్రము తల్లి ముఖమును మఱుగుపఱచును. పిదప బిడ్డకు మిగులునది తల్లి చేతిస్పర్శ, చెవినబడు మాట. ఆ మాటయు పరభాషయైనచో ధైర్యమెచ్చటినుండి కలుగును? మఱియు వేదనకు ముఖ్యమగు కొలబద్ద బిడ్డ చెప్పు మాటయే. నొప్పి, మంట, సలుపు, పోటు అనునవి తెలుగు బిడ్డకు వేర్వేఱు అనుభవములు. వీనినన్నిటిని ఒక్క అంకెగా గుర్తించు పరీక్షలో కొంత సత్యము జాఱిపోవును.

కావున యంత్రమును తిరస్కరింప బనిలేదు; గ్రుడ్డిగా స్వీకరింపను రాదు. ఈ సీమ అవ్వల నోట నిలిచిన కథలను, జోలలను వారి యాసలోనే ధ్వనిముద్రణచేసి ఇట్టి చిత్రములకు జోడించుట తెలుగు సంఘములకు సాధ్యమగు పని. దృశ్యము ఏ దేశమునందు నిర్మితమైనను, బిడ్డను ఓదార్చు గొంతు ఇంటిదై యుండవలెను. చందమామ దూరముననే యున్నను, ముద్ద పెట్టునది తల్లి చేయి గదా!