కప్టగట్ మట్టిదారి

కెన్యాలో కప్టగట్ సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఒలింపిక్ మారథాన్‌ను రెండుసార్లు గెలిచిన ఎలియుడ్ కిప్‌చోగే ఏళ్ల తరబడి సాధన చేసింది అక్కడి శిబిరంలోనే. ఆయన రికార్డుల కన్నా ఆ దినచర్య మీదే నాకు గౌరవం ఎక్కువ. పొద్దున్నే ఎర్రమట్టి దారిలో గుంపుగా పరుగు. మంగళవారం ట్రాక్, గురువారం ముప్ఫై నలభై కిలోమీటర్లు. చేసిన కసరత్తంతా నోటుపుస్తకంలో రాసుకునేవాడు. బాత్రూములు కడిగే వంతు కూడా ఉండేది. ప్రపంచ రికార్డు చేతిలో ఉన్న రోజుల్లోనూ వంతు వంతే.

కోచ్ పాట్రిక్ సాంగ్ 1992 ఒలింపిక్స్ స్టీపుల్‌చేజ్‌లో రజతం గెలిచినవాడు. ఊళ్లో కుర్రాడొకడు వచ్చి ఎలా పరిగెత్తాలో చెప్పమంటే కాదనలేదు. ఆ కుర్రాడే కిప్‌చోగే. అంత ఓపిక ఎంతమందికి ఉంటుంది!

2007లో ఒసాకా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 5,000 మీటర్ల స్వర్ణాన్ని కిప్‌చోగేకు అందకుండా ఎగరేసుకుపోయింది బెర్నార్డ్ లగాట్. 2019లో వియన్నాలో కిప్‌చోగే మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేసిన రోజున, ఆయనకు గాలి తగలకుండా వంతులవారీగా పరిగెత్తిన 41 మందిలో ఆ లగాట్ కూడా ఉన్నాడు. అప్పటికి వయసు 44. పాత ప్రత్యర్థి కోసం ఆ వయసులో ఆ వేగం అందుకోవడం నా దృష్టిలో ఒసాకా స్వర్ణానికేమీ తీసిపోదు.